మజ్జిగకి పడని మొక్కలు

పిల్లి ఉన్న ఇంట్లో మొక్కలు పెంచొచ్చా అని పోయిన నెల క్యాంటీన్‌లో ఒక సెకండియర్ అమ్మాయి నన్నడిగింది. పెంచొచ్చు అని ఒక్క ముక్క చెప్పి బస్సుకి పరిగెత్తాను. ఆ ఒక్క ముక్క చెప్పగలిగేదానికి మా ఇంట్లో దాదాపు ఏడాది పట్టింది. ఆ కథ బస్టాపులో చెప్పేంత చిన్నది కాదు. గోడపత్రికలో ఈసారి చోటు ఉందన్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

మాది పెరంబూరు. ముత్తాత నెల్లూరు పక్క నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆయన కట్టిన పెంకుటిల్లు, బావి, వెనక పెరడు నేను ఎనిమిదో క్లాసు చదివేదాకా ఉన్నాయి. తర్వాత పంపకాలు, ఆ తర్వాత అపార్ట్‌మెంటు. మా వాటాకి రెండో అంతస్తులో ఫ్లాటు వచ్చింది. పాతింటి నుంచి అవ్వ పట్టుబట్టి తెచ్చుకున్నవి రెండే: రుబ్బురోలు, పంతొమ్మిది తొట్లు. (ఇంట్లో మేం తొట్టి అనే అంటాం, అరవ మాటే. క్లాసులో మేడమ్ ముందు మాత్రం కుండీ అంటాం. మీలో చాలామందికి ఈ కష్టం తెలుసు.) రుబ్బురోలు పెట్టేదానికి చోటు లేక కింద వాచ్‌మన్ గది పక్కన ఉంది. బాల్కనీ అనేది బట్టలు ఆరేసుకోవడానికే సరిపోదు. కాబట్టి పంతొమ్మిది తొట్లలో చాలా వరకు హాల్లో తూరుపు కిటికీ కిందే చేరాయి. పెరట్లో పెరిగిన అవ్వకి పెరడు మొత్తం ఆ ఆరడుగుల కిటికీ.

పిల్లి తర్వాత వచ్చింది. రెండేళ్ల క్రితం ఐప్పసి వానల్లో మెట్ల కింద కరెంటు మీటర్ల దగ్గర అరుస్తుంటే మా తమ్ముడు చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. పలచటి తెలుపు, అక్కడక్కడా పసుపు మరక, అచ్చం తాలింపు పెట్టిన మజ్జిగ. ఆ పేరే పెట్టాం. నాయన "రెండ్రోజులే" అన్నాడు. ఆ రెండ్రోజులు ఇంకా అయిపోలేదు.

ఒక ఆదివారం పొద్దున మజ్జిగ నోట్లోంచి తీగల్లాగ జొల్లు కారుతోంది. ముందు కాళ్లతో మూతి గీరుకుంటోంది, పాలు పెడితే మొహం తిప్పుకుంది. వేపేరిలో పశువైద్య కళాశాల ఆస్పత్రి మాకు దగ్గరే, 1903లో మొదలైన కాలేజీ అది. కూరగాయల బుట్టలో పెట్టి తీసుకుపోయాం. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న "ఏం తినింది" కాదు, "ఇంట్లో ఏం మొక్కలున్నాయి". నేను ఫోన్లో ఉన్న ఫోటో చూపించాను. దీపావళికి తీసిన ఫోటో, వెనకాల కిటికీ అంతా పచ్చగా ఉంది. ఆమె మనీప్లాంట్ మీద వేలు పెట్టి, "ఇదే అయ్యుంటుంది, ఇంటికి పోయి ఆకులు చూడండి" అనింది. మూతి కడిగి, ఒక ఇంజెక్షన్ వేసి పంపేసింది. ఇంటికొచ్చి చూస్తే రెండు ఆకులకి పంటి గాట్లు ఉన్నాయి. సాయంత్రానికి మజ్జిగ మామూలుగానే తిరుగుతోంది.

కానీ ఆ డాక్టరమ్మ పంపేముందు ఇంకో మాట అనింది: "ఇది చిన్నది, నోరు మండి వదిలేసింది. మండని విషాలు ఉన్నాయి. ఇంట్లో ఉన్న మొక్కలన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటీ చూసుకోండి." ఆ రాత్రి నేను కాగితం రాశాను. అక్కడ మొదలైంది గొడవ.

పంతొమ్మిదిలో ఆరు పోవాలి. మనీప్లాంట్, వెడల్పాకుల డీఫెన్‌బాకియా, అగ్లోనిమా, స్నేక్ ప్లాంట్, కలబంద, ఒక బిళ్ళగన్నేరు. అవ్వకి చదివి వినిపించాను. అంతా విని, "పాతింట్లో ఎన్ని పిల్లులు తిరగలేదే అమ్మే? పెరట్లో గన్నేరు చెట్టే ఉండె. ఏ పిల్లి చచ్చింది? అప్పుడు చావని పిల్లి ఇప్పుడెందుకు చస్తుంది?" అనింది.

ఇది మొండి మాట కాదు, మంచి ప్రశ్న. నాకు జవాబు దొరకడానికి చాలా రోజులు పట్టింది. పెరట్లో తిరిగే పిల్లికి గరిక ఉంటుంది, ఎలక ఉంటుంది, పక్కింటి గోడ ఉంటుంది. గన్నేరు ఆకు చేదు, వంద ఆకుల్లో దాన్నే ఏరి నమలాల్సిన అవసరం దానికి లేదు. ఫ్లాట్లో పిల్లికి మనం పెట్టిందే ప్రపంచం. ఆకు నమలాలనిపిస్తే ఉన్న పంతొమ్మిదిలోనే నమలాలి. పైగా పొద్దుపోదు. పిల్లి కాలేయం కూడా మన లాంటిది కాదు. కొన్ని విషాలని మన కాలేయం ఒక రకం ఆమ్లంతో కట్టి బయటికి తోసేస్తుంది. పిల్లికి ఆ పని సరిగా చేతకాదు. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు పిల్లి ప్రాణం తీయడానికి. కాబట్టి "మేం తింటున్నాం కదా" అనే లెక్క దానికి పనికిరాదు.

ఇదంతా నేను ఒక రాత్రి అవ్వకి చెప్పాను. ఆమె దుప్పటి మడత పెడుతూ వింది. కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత తనే, "నల్లది ఒకటి ఉండె. బావి గట్టు కింద పడి ఉండె ఒకరోజు. ఎందుకు పోయిందో ఎవరికి తెలుసు. అప్పుడు పిల్లుల్ని ఎవరు లెక్కపెట్టినారు" అనింది. దీపం ఆర్పి పడుకుంది.

అయినా మొక్కలు కదల్లేదు. ఒప్పుకోవడం వేరు, పదేళ్లు నీళ్లు పోసిన తొట్టిని ఎత్తి ఇవ్వడం వేరు.

నా కాగితంలో లోపం ఎక్కడుందో నాకు తర్వాత అర్థమైంది. అందులో పేర్లన్నీ ఇంగ్లీషు. అవ్వకి అవి మొక్కలే కావు, నేను ఆస్పత్రి నుంచి తెచ్చిన ఏవో మాటలు. ఒకరోజు కందగడ్డ తరుగుతోంది, చేతికి నూనె రాసుకుని. నేను పక్కన కూర్చుని ఊరికే అడిగాను, కంద ఎందుకు దురద పెడుతుందవ్వా అని. "దాని గుణం" అనింది. గుణం సంగతి నేను చదువుకుని ఉన్నా కాబట్టి చెప్పాను: కందలో, చేమలో కంటికి కనిపించని సూదులుంటాయి. సున్నం లాంటి సరుకుతో చేసినవి. గొంతులో, నాలుక మీద గుచ్చుకుంటాయి. చింతపండు వేసి ఉడకబెట్టేది అందుకే. మనీప్లాంట్‌లో ఉండేవీ ఆ సూదులే. మనీప్లాంట్, అగ్లోనిమా, డీఫెన్‌బాకియా, పీస్ లిల్లీ, అన్నీ కంద కులమే. పచ్చి కంద నోట్లో పెట్టుకుంటే నీకెట్టుంటుందో మజ్జిగకి ఆ ఆదివారం అట్టుండింది.

అవ్వ కత్తిపీట పక్కన పెట్టి కిటికీ వైపు చూసింది. "అది కంద చుట్టమా?" అనింది. అంతే. ఆ సాయంత్రం మూడు తొట్లూ మూడో అంతస్తులో పిల్లి లేని వాళ్లింటికి పోయాయి, నేను మోశాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు గానీ, కంద ఎవరో తెలిశాక కత్తిపీట కూడా జాగ్రత్తపడింది.

అప్పట్నుంచి మా ఇంట్లో మొక్క ఏదైనా ముందు దాని చుట్టరికం అడుగుతాం. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటి ఉంది, తెలుగు చదువుకునే మనకి బాగుంటుందని చెప్తున్నా. గన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు. మనవాళ్లు నాలుగింటికీ ఒకే ఇంటిపేరు పెట్టారు. ఇంగ్లీషులో మొదటి రెండింటి పేర్లకే చుట్టరికం కనిపిస్తుంది, మిగతా రెండింటి పేర్లకి వాటితో సంబంధమే ఉండదు. వృక్షశాస్త్రం పుస్తకం తీసి చూస్తే నాలుగూ ఒకే కుటుంబం. తుంచితే కారేవి ఉన్నాయి, గుండెని పట్టేవి ఉన్నాయి. బిళ్ళగన్నేరు నుంచి క్యాన్సర్ మందు తీస్తారు, అంత ఘాటు దానికి. ఎర్రటి పూలతో, ఉబ్బిన మొదలుతో నర్సరీల్లో ఇప్పుడు బాగా అమ్ముతున్న అడీనియం కూడా ఆ ఇంటి పిల్లే, కాకపోతే మనం పేరు పెట్టేలోపే ఇంగ్లీషు పేరుతో వచ్చేసింది. ఈ మాట చెప్తే అవ్వ బిళ్ళగన్నేరుని ఆ మర్నాడే కింద అపార్ట్‌మెంటు గేటు పక్కన నేలలో పాతింది. అక్కడ అది బ్రహ్మాండంగా ఉంది, తొట్లో కంటే.

నర్సరీ వాళ్ల పేర్లతోనే చిక్కు. లిల్లీ అనే మాట తీసుకోండి. మనం లిల్లీ పూలు అని దండ కొనేది ఒకటి, అరవంలో దాన్నే సంపంగి అంటారు, మన సంపెంగ అది కాదు. అది అసలు లిల్లీ కులమే కాదు. పీస్ లిల్లీ కంద కులం, నోరు మండిస్తుంది. తమిళనాడు రాష్ట్ర పుష్పం సెంగాందళ్ ఉంది చూడండి, అగ్గిమంటలాగా ఉంటుంది, దాన్ని గ్లోరీ లిల్లీ అంటారు, దుంప దగ్గర్నుంచి అంతా విషం, మనుషులకే. ఇక బొకేల్లో పెట్టే పెద్దపెద్ద తెల్ల, గులాబీ రంగు పూలు, మధ్యలో ఇటుకరంగు పుప్పొడి రాలుతుంటుంది, అదీ అసలైన లిల్లీ. కుక్కకి పెద్దగా ఏమీ కాదు, పిల్లికి మాత్రం మూత్రపిండాలు రెండు మూడు రోజుల్లో పోతాయి. ఆకు, పువ్వు, ఒంటి మీద రాలిన పుప్పొడి నాకినా, ఆఖరికి ఆ పూలు పెట్టిన గాజుసీసాలో నీళ్లు తాగినా సరే. కాబట్టి లిల్లీ అంటే ఏ లిల్లీ అని అడగాల్సిందే.

సాగో పామ్ అని అమ్మేది పామ్ కాదు, సైకస్. కాలేయాన్ని చంపేస్తుంది. ఆస్పరాగస్ ఫెర్న్ ఫెర్న్ కాదు. కానీ అరెకా పామ్ నిజంగా తాటి, కొబ్బరి కులమే, దానితో భయం లేదు. బోస్టన్ ఫెర్న్ నిజమైన ఫెర్నే, దానితోనూ భయం లేదు.

అయితే చుట్టరికం ఒక్కటే నమ్ముకుంటే కూడా కుదరదు, మనుషుల్లో లాగే. స్నేక్ ప్లాంట్, స్పైడర్ ప్లాంట్ ఒకే కుటుంబం. మొదటిది నమిలితే పిల్లికి వాంతులు, విరేచనాలు. రెండోదాన్ని మజ్జిగ వారానికోసారి కత్తిరించినట్టు కొరుకుతుంది, ఏమీ కాలేదు, కాదు కూడా. దాని సన్నటి ఆకులు గాలికి ఊగుతుంటే పిల్లి ఊరుకోదు, తీగల చివర వేలాడే పిల్ల మొక్కలు దానికి బొమ్మలు. అందుకే నేను ఆ తొట్టిని గోడకి మేకు కొట్టి ఎత్తులో వేలాడదీశాను, పిల్లి కోసం కాదు, మొక్క కోసం. ఎత్తులో పెడితే పిల్లికి అందదనుకుని విషం మొక్కని బీరువా మీద పెట్టేవాళ్లు ఉన్నారు. పిల్లి బీరువా ఎక్కడం చూడని వాళ్లయ్యుండాలి.

ఆరింటిలో ఆఖరిది, అన్నిటికంటే కష్టమైనది కలబంద.

పాతింటి గుమ్మానికి తలకిందులుగా వేలాడుతుండేది. దిష్టికి. మట్టి లేకుండా, నీళ్లు లేకుండా బతికేది, నా చిన్నప్పుడు అది మొక్క అని కూడా నాకు తెలీదు. ఇల్లు ఖాళీ చేసే రోజు అవ్వ దాన్ని విప్పి, చీర కొంగులో చుట్టుకుని ఆటోలో ఒళ్లో పెట్టుకుని వచ్చింది. ఇక్కడ తొట్లో పెడితే పిల్లలు వేసి తొట్టి నిండింది. ఆ ఆకు చర్మం కింద పసుపుపచ్చటి జిగురు ఉంటుంది, పిల్లి కడుపుకి ప్రమాదం అందులోనే. మధ్యలో ఉండే గుజ్జు కాదు. కానీ పిల్లి గుజ్జు తీసుకుని తినదు కదా, ఆకుని ఆకులాగే కొరుకుతుంది.

దీనికి నేను ఏ చుట్టరికమూ చెప్పలేదు. చెప్పి ఒప్పించడం ఇష్టం లేదు నాకు. ఆ మొక్కని తీసుకుపోతే పాతింట్లో ఇంక మిగిలింది రుబ్బురోలే, అది కూడా వాచ్‌మన్ దగ్గర. నెలరోజులు ఆ తొట్టి చుట్టూ కూరగాయల ప్లాస్టిక్ జాలీ కట్టి పెట్టాను. మజ్జిగ జాలీ మీద గోళ్లు పదును పెట్టుకునేది. ఒకరోజు కాలేజీ నుంచి వచ్చేసరికి తొట్టి లేదు. అవ్వే, మోకాళ్ల నొప్పితో, రెండు అంతస్తులెక్కి మాడి మీద నీళ్ల ట్యాంకు నీడలో పెట్టి వచ్చింది. లిఫ్టు మాడి దాకా పోదు. "దిష్టి తగిలేది ఇంటికి కదమ్మే, ఇల్లంటే మాడి కూడా కదా" అనింది. ఇప్పుడు పొద్దున నేనూ సాయంత్రం అవ్వా నీళ్లు పోస్తున్నాం. నేను సాయంత్రం కూడా పోస్తానంటే ఒప్పుకోదు. గోడ పట్టుకుని మెల్లగా ఎక్కుతుంది. ఈ లెక్కలో పిల్లికి మేలు జరిగింది, అవ్వ మోకాళ్లకి జరగలేదు. అది నిజం.

దాని చోట్లో హావర్తియా పెట్టాను. చూడ్డానికి బుల్లి కలబందే, తెల్ల చారలతో. కలబంద కుటుంబమే, కానీ పిల్లికి హాని లేదు. అవ్వ దాన్ని "దొంగ కలబంద" అంటుంది, ప్రేమగా కాదు. మనీప్లాంట్ చోట్లో పెపరోమియా. అది మిరియాలు, తమలపాకు ఇంటిది. ఆకు కూడా కొంచెం తమలపాకులాగే ఉంటుంది కాబట్టి దానికి అవ్వ దగ్గర ముందే మర్యాద ఉంది. పెద్దది ఒకటి ఉండాలని అరెకా పామ్. మా బోరు నీళ్లు ఉప్పు, ఆకుల చివర్లు మాడిపోతాయి. వాన పడ్డప్పుడు బిందెలో పట్టిన నీళ్లు, లేకపోతే మెట్రో వాటర్. కలాథియా కూడా తెచ్చాను, పిల్లికి మంచిదే, మా నీళ్లకి అది నెల రోజులు కూడా నిలబడలేదు. పిల్లికి పడేవన్నీ చెన్నైకి పడవు. తులసి జోలికి పిల్లీ పోలేదు, నేనూ పోలేదు. వంటింటి కిటికీలో ఉల్లికాడల డబ్బా ఉండేది, అది తీసేశాం. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని పాడుచేస్తాయి. కొత్తిమీర ఉండనిచ్చాం.

మజ్జిగకి సొంతంగా ఒక మొక్క ఉండాలని డాక్టరమ్మే చెప్పింది. తన గడ్డి తనకుంటే పక్కవాటి మీద మోజు తగ్గుతుందని. దీంట్లో మాత్రం గురువు అవ్వ. నేను ఏదో వీడియో చూసి ప్లాస్టిక్ ట్రేలో గోధుమలు పోస్తే మూడో రోజుకి తెల్లగా బూజు పట్టింది. అవ్వ చూసి నవ్వి, "పెళ్లిలో పాలికలు చూడలేదా నువ్వు" అనింది. పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించడం ఆమె చేతిలో పని. మా వీధిలో ఆడి మాసం ముళైప్పారికి కూడా అరవం వాళ్లు వచ్చి ఈమెని అడిగేవాళ్లట. అడుగున చిల్లు ఉన్న మట్టి పళ్లెం, రెండంగుళాల కొబ్బరి పీచుపొట్టు, రాత్రంతా నానిన గోధుమలు ఒకే వరసగా, ఒకదాని మీద ఒకటి పడకుండా. మొదటి రెండు రోజులు తడి గుడ్డ, తర్వాత గుడ్డ తీసి వెలుతురు. నీళ్లు పోయడం కాదు, చిలకరించడం. పది రోజులకి జానెడు పచ్చగడ్డి. వారానికొక పళ్లెం మొదలుపెడితే ఎప్పుడూ ఒకటి సిద్ధంగా ఉంటుంది. గోధుమలు వంటింట్లోవే వాడాలి. విత్తనాల అంగట్లో రంగు పూసినవి ఇస్తారు, ఆ రంగు పురుగుమందుతో కలిపింది.

మజ్జిగ ఆ గడ్డి తిని అప్పుడప్పుడు కక్కుతుంది, బొచ్చుతో సహా. అది మామూలేనట. తుడిచేది తమ్ముడు.

మొక్క మంచిదైతే సరిపోదు, మట్టి కూడా చూడాలి. ఎరువు అంగట్లో వేపపిండి పక్కనే ఆముదం పిండి ఉంటుంది, రెండూ కలిపి కూడా అమ్ముతారు. ఆముదం గింజలో ఉండే విషం నూనెలోకి రాదు, పిండిలోనే మిగులుతుంది. వాసనకి జంతువులు దగ్గరికి పోతాయి. ఇంట్లో తొట్టికి అది వద్దు. మేం ఎండిన ఆకుల ఎరువు, వానపాముల ఎరువు మాత్రం వేస్తున్నాం. నర్సరీ నుంచి కొత్త మొక్క వస్తే ఏ మందు కొట్టారో మనకి తెలీదు కాబట్టి ఆకులు కడిగి, మట్టి మార్చి, కొన్ని వారాలు నా గదిలో తలుపేసి ఉంచుతాను. తొట్టి మట్టిని పిల్లి మరుగుదొడ్డి చేసుకుంటుందని అందరి ఫిర్యాదు. మీద పెద్ద గులకరాళ్లు పరిస్తే చాలు. మెరీనాలో ఏరినవి కాదు, ఉప్పు ఉంటుంది.

ఇంకొకటి, తమాషాకి. రోడ్డు పక్కన కలుపులాగా మొలిచే కుప్పింటాకు ఉంది కదా, దాని వేరు వాసనకి పిల్లి మత్తెక్కినట్టు దొర్లుతుంది. అరవంలో దానికి పూనైవణంగి అని ఒక పేరుంది, పిల్లి దండం పెట్టే మొక్క. ఎంత మంచి పేరో. కానీ ఇంట్లో పెట్టలేదు. కొందరు మనుషుల రక్తంలో ఒక లోపం ఉంటే ఈ ఆకు తిన్నప్పుడు ఎర్రకణాలు పగిలిపోయాయని వైద్యులు రాశారు. పిల్లి దండం పెడుతోంది కదా అని అది మంచిదని నేను అనుకోను.

మొన్న మార్చిలో నాయన రిటైర్మెంటు అయింది. ఇంటికి చాలామంది వచ్చారు. నాయన ఆఫీసులో పైవాడు ఒకాయన భార్యతో వచ్చి పెద్ద బొకే ఇచ్చారు. మధ్యలో ఆరు తెల్ల లిల్లీలు. పుప్పొడి బొకే కాగితం మీద రాలి ఉంది. మజ్జిగ సోఫా చేతి మీద కూర్చుని అప్పటికే ముక్కు చాస్తోంది. నేను బొకే నాయన చేతిలోంచి తీసుకుని నేరుగా తలుపు బయటికి, మెట్ల దగ్గరికి పోయాను. వెనక నుంచి ఆమె "ఏమైందమ్మా, పూలు నచ్చలేదా" అనడం వినిపించింది. నాయన మొహం నేను చూడలేదు, చూడక్కర్లేదు కూడా. ముప్పై ఐదేళ్ల ఉద్యోగం ఆఖరి రోజు పైవాడు ఇచ్చిన పూలని కూతురు వీధిలో పెట్టిందంటే ఎట్టుంటుందో ఊహించుకోవచ్చు. చేతులు కడుక్కుని వచ్చి, పిల్లులు, మూత్రపిండాలు అంటూ చెప్పడం మొదలుపెట్టాను. నేను చెప్తున్నకొద్దీ వాళ్లిద్దరూ సోఫాలో ఇంకా బిగుసుకుపోతున్నారు. పిల్లి కోసం మా పూలు బయట పెట్టారా అనే మాట వాళ్ల కళ్లలో స్పష్టంగా ఉంది.

లోపల్నుంచి అవ్వ కాఫీ గ్లాసులతో వచ్చింది. "ఆ పువ్వు మా ఇంటికి పడదమ్మా" అనింది.

"అవునా? అయ్యో, మాకు తెలీదు పెద్దమ్మా" అనింది ఆమె వెంటనే. "మా అత్తగారింట్లో కూడా అంతే, గుమ్మడికాయ పడదు."

అయిపోయింది. ఎవరూ ఎందుకని అడగలేదు. కాఫీ తాగారు. ఆయన నాయనతో పెన్షన్ కాగితాల సంగతి మాట్లాడాడు. అవ్వ చెప్పింది అబద్ధం కూడా కాదు. మజ్జిగ మా ఇల్లే కదా. వాళ్లు పోయాక నాయన నన్నేమీ అనలేదు, బొకే ఏం చేశావని మాత్రం అడిగాడు. వాచ్‌మన్ గదిలో దేవుడి పటం ముందు పెట్టాడని చెప్పాను. ఆయన గదికి పిల్లులు పోవు, అక్కడ ఒక కుక్క ఉంది.

క్యాంటీన్‌లో అడిగిన అమ్మాయికీ, ఇది చదివే మిగతావాళ్లకీ: మా స్పైడర్ ప్లాంట్ మళ్లీ పిల్లలు వేసింది, ప్రస్తుతం ఏడు ఉన్నాయి, వేర్లు వచ్చాయి. కావాలంటే మన డిపార్ట్‌మెంట్ గదిలో నా పేరు మీద చీటీ పెట్టండి. తొట్టి మీరే తెచ్చుకోవాలి. ఇంట్లో పిల్లి ఉంటే ముందు చెప్పండి, పంటి గాట్లు పడినవి మీకిస్తాను. ఆ ఆకులకి ముందే అలవాటు.